ఏడో తరగతి గణితంలో వెనుకబాటు: అసలు కారణాన్ని పట్టుకోవడం ఎలా?

ప్రశ్న అడిగినవారు: బడిగంట

అందరికీ నమస్కారం. నేను ఒక పాఠశాలకు ప్రధానోపాధ్యాయురాలిగా బాధ్యత తీసుకుని ఇది రెండో సంవత్సరం. అంతకుముందు చాలా ఏళ్లు సైన్సు బోధించాను. ప్రయోగం తప్పితే ఎక్కడ తప్పిందో వెదకడం నాకు అలవాటే గాని, పాఠశాలలో ఒక సమస్య ఏళ్ల తరబడి కదలకుండా కూర్చున్నప్పుడు దాని వేరు ఎక్కడుందో వెదకడం తెలియక మీ ముందుకు వచ్చాను.

మా ఏడో తరగతి పిల్లల్లో సగం కంటే ఎక్కువ మంది గణితంలో ఉత్తీర్ణులు కావడం లేదు. పాత మార్కుల రిజిస్టర్లు తీసి చూస్తే నాలుగేళ్లుగా ఇదే వరస. మధ్యలో ఉపాధ్యాయులు మారారు, ఫలితం మారలేదు. గత ఏడాది బడి మొదలవడానికి గంట ముందు అదనపు తరగతులు పెట్టాం. ముఖ్యమైన లెక్కలతో ఒక అభ్యాస పుస్తకం తయారుచేసి అందరికీ పంచాం. తక్కువ మార్కులు వచ్చినవారి తల్లిదండ్రులను పిలిపించి మాట్లాడాం. ఎవరి శ్రమలోనూ లోపం లేదు. అయినా సంవత్సరాంతంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

ఇందుకు కారణాలేమిటని స్టాఫ్ మీటింగులో అడిగితే ప్రతిసారీ నాలుగు జవాబులే వస్తాయి: పిల్లలకు శ్రద్ధ లేదు, ఇంట్లో పట్టించుకోరు, ఫోన్లు వచ్చి చదువు పోయింది, కింది తరగతుల్లో పునాది పడలేదు. వీటిలో ఏదీ అబద్ధమని నేను అనను. కానీ నాలుగూ మా చేతుల్లో లేనివే కావడం, నాలుగింటిలో దేనికీ ఎవరి దగ్గరా ఆధారం లేకపోవడం నన్ను కలవరపెడుతున్నాయి. ఇంకొంచెం లోతుగా 'ఎందుకు' అని అడిగితే, తమను తప్పు పడుతున్నానని ఉపాధ్యాయులు నొచ్చుకుంటున్నారు.

ఒక కారణం మనకు తోచినది మాత్రమేనా, నిజంగా సమస్యను పుట్టిస్తున్నదేనా అన్నది తేల్చుకోవడానికి మార్గం ఏమిటి? మరో ఏడాది అందరి శ్రమనూ తప్పు దారిలో ఖర్చుపెట్టడం నాకు ఇష్టం లేదు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1: ఎదురుప్రశ్న

నమస్కారం మేడమ్. నేను ఉపాధ్యాయుణ్ని కాను. ఒక కర్మాగారంలో నాణ్యత విభాగంలో పనిచేస్తూ, మా పిల్లలు చదివే బడిలో తల్లిదండ్రుల సంఘం పనులు చూస్తుంటాను. మూలకారణాన్ని వెదకడం మా వృత్తిలో రోజూ చేసే పని కాబట్టి, అందులో బడికి పనికొచ్చేదీ పనికిరానిదీ రెండూ చెబుతాను.

'ఐదు ఎందుకులు' అనే పద్ధతి గురించి మీరు వినే ఉంటారు. టొయోటా సంస్థలో ఉత్పత్తి విధానాన్ని తీర్చిదిద్దిన తైచి ఓనో 1978లో అచ్చయిన తన పుస్తకంలో దానికి ఒక ఉదాహరణ ఇచ్చారు. యంత్రం ఆగింది, ఎందుకంటే మోయలేనంత భారం పడి ఫ్యూజు పోయింది. భారం ఎందుకు పడిందంటే బేరింగుకు చాలినంత కందెన అందలేదు. కందెన ఎందుకు అందలేదంటే పంపు సరిగా లాగడం లేదు. పంపు ఎందుకు లాగడం లేదంటే దాని ఇరుసు అరిగిపోయింది. ఇరుసు ఎందుకు అరిగిందంటే వడపోత జల్లెడ లేక లోహపు పొట్టు లోపలికి పోయింది. మొదటి ప్రశ్న దగ్గరే ఆగినవారు ఫ్యూజు మార్చి వెళ్లిపోతారు, కొన్నాళ్లకు యంత్రం మళ్లీ ఆగుతుంది. మీరు పెట్టిన అదనపు తరగతులు కూడా ఫ్యూజు మార్చడం వంటివే అయి ఉండవచ్చునని నా అనుమానం.

అయితే బడి యంత్రం కాదు. యంత్రంలో ఒక 'ఎందుకు'కు సాధారణంగా ఒక జవాబు ఉంటుంది. బడిలో నాలుగైదు ఉంటాయి, వాటిలో మనకు ముందే నమ్మకం ఉన్నదాన్ని పట్టుకుని దిగిపోతాం. రోగుల భద్రత మీద పనిచేసే అలన్ కార్డ్ 2017లో ఈ పద్ధతిని విమర్శిస్తూ ఈ లోపాన్నే ఎత్తిచూపారు: ఒకే గొలుసు వెంట దిగడం వల్ల పక్కనున్న కారణాలన్నీ కంటికి కనబడకుండా పోతాయి. అందుకే జపాన్ నాణ్యతా నిపుణుడు కవొరు ఇషికావా 1960ల్లో ప్రచారంలోకి తెచ్చిన చేప ముల్లు చిత్రాన్ని ముందు గీయమంటాను. చేప తల దగ్గర సమస్యను రాసి, ముళ్ల మీద బోధన, టైంటేబుల్, పాఠ్యపుస్తకం, పరీక్ష పేపరు, గది, పిల్లల ఆరోగ్యం, ఇల్లు వంటి తలకట్లు పెడితే, అందరి చూపూ ఒక్క మూల మీదే పడకుండా ఉంటుంది. ఆ చిత్రంలో ఉన్నవన్నీ అనుమానాలే గాని కారణాలు కావని అందరికీ ముందే చెప్పాలి. గోడకు చిత్రం అంటించగానే పని పూర్తయిందనుకోవడం మా కర్మాగారాల్లో కూడా చూస్తుంటాను.

ప్రతి 'ఎందుకు' దగ్గరా 'ఇది ఎవరు చూశారు, ఎక్కడ రాసి ఉంది?' అని అడగండి. చూసినవారు లేకపోతే అది ఊహ అని పక్కన రాసి ఉంచండి. గొలుసు పూర్తయ్యాక కింది నుంచి పైకి 'కాబట్టి' పెట్టి చదవండి. 'ఇంట్లో పట్టించుకోరు, కాబట్టి భిన్నాల కూడిక రాదు' అని చదివినప్పుడు మధ్యలో ఎన్ని మెట్లు లేవో వెంటనే తెలిసిపోతుంది. ఇంట్లో ఎవరూ పట్టించుకోకపోయినా భిన్నాల కూడిక బాగా చేస్తున్న పిల్లలు ఆ తరగతిలోనే ఉంటారు కదా.

ఉపాధ్యాయులు నొచ్చుకోవడం గురించి ఒక మాట. 'ఎందుకు' అనే మాటకు మన భాషలో నిలదీత వాసన ఉంది, 'ఎందుకిలా చేశావు?' అని చిన్నప్పటి నుంచి విని ఉన్నాం. 'ఎలా జరుగుతోంది?', 'ఎక్కడ అడ్డం వస్తోంది?' అని అడిగితే అదే సమాచారం నొప్పి లేకుండా వస్తుంది. గొలుసు చివర ఒక మనిషి పేరు తేలితే మీరింకా వేరుదాకా వెళ్లలేదని అర్థం. అక్కడ ఆ మనిషి కాక మరొకరున్నా అదే జరిగేదా అని అడగండి. మీ బడిలో ఉపాధ్యాయులు మారినా ఫలితం మారలేదని మీరే రాశారు, అది చాలా విలువైన సమాచారం.

జవాబు 2: పాత రిజిస్టరు

మేడమ్ గారికి నమస్కారం. ముప్పై ఏళ్లు గణితం చెప్పి, చివరి కొన్నేళ్లు ప్రధానోపాధ్యాయుడిగా చేసి విశ్రాంతి తీసుకున్నాను. పై మిత్రులు చెప్పినది బాగుంది గాని, 'ఎందుకు' అని అడగడానికి ముందు 'ఏమిటి' అన్నది తేలాలి. 'సగం మంది ఉత్తీర్ణులు కావడం లేదు' అన్నది ఇంకా సమస్య కాదు, సమస్య ఎక్కడో ఉందని చెప్పే సూచన మాత్రమే. ఎవరు, ఏ అధ్యాయంలో, ఏ రకం ప్రశ్నలో, ఏ మెట్టు దగ్గర ఆగిపోతున్నారో తేలనంతవరకు మీ మీటింగులో వచ్చిన నాలుగు జవాబులే మళ్లీ వస్తాయి. అస్పష్టమైన ప్రశ్నకు అలవాటైన జవాబు రావడం సహజం.

కాబట్టి పోయిన పరీక్ష జవాబు పత్రాలు తీయండి. మార్కులు చూడవద్దు, తప్పులు చూడండి. 1977లో ఆస్ట్రేలియాకు చెందిన ఆన్ న్యూమన్ పద సమస్యల్లో పిల్లలు ఎక్కడ తప్పుతున్నారో తెలుసుకోవడానికి ఒక తేలిక పద్ధతి చెప్పారు. పిల్లవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, తాను తప్పు చేసిన లెక్కనే మళ్లీ ఇచ్చి, ఐదు విషయాలు అడగాలి: ఈ ప్రశ్న నాకు చదివి వినిపించు, ఇందులో ఏం కనుక్కోమన్నారో చెప్పు, ఎలా కనుక్కుంటావో చెప్పు, ఇప్పుడు పైకి చెబుతూ చేసి చూపించు, చివరికి జవాబు రాయి. చదవడం, అర్థం చేసుకోవడం, మాటలను లెక్కగా మార్చడం, లెక్క చేయడం, జవాబు రాయడం అనే ఈ ఐదు మెట్లలో పిల్లవాడు ఏ మెట్టు మీద జారాడో కొద్ది నిమిషాల్లో తెలుస్తుంది. ఆమె పరిశీలనలో దాదాపు సగం తప్పులు కూడికలు, గుణకారాల దాకా రాకముందే జరిగిపోయాయి. నేను దీన్ని మొదటిసారి చేసినప్పుడు ఎంత సిగ్గుపడ్డానో చెప్పలేను. అన్నేళ్లూ చదవడం రాని పిల్లలకు నేను లెక్కలు మళ్లీ మళ్లీ చెబుతూ వచ్చాను. గణితం రాదని ముద్ర వేసిన అమ్మాయి ఒకతె, ప్రశ్నను నేను చదివి వినిపిస్తే నోటితోనే జవాబు చెప్పింది.

రెండో సంగతి, సగటులను నమ్మవద్దు. మా బడిలో హాజరు 92 శాతం అని రిజిస్టరులో ఉండేది, కాబట్టి గైర్హాజరు సమస్య కాదని నేనే ఎన్నోసార్లు అన్నాను. వందమందిలో ఎనభై మంది 98 శాతం రోజులు వచ్చి, మిగతా ఇరవై మంది 68 శాతం రోజులే వచ్చినా సగటు 92 అవుతుంది. ఆ ఇరవై మందీ ప్రతి మూడు రోజుల్లో దాదాపు ఒక రోజు బడిలో లేరన్న మాట. భిన్నాల అధ్యాయంలో మూడోవంతు లేనివాడికి నిష్పత్తులు అర్థం కాలేదంటే అందులో వింత ఏముంది? హాజరును తరగతివారీగా కాక పిల్లవారీగా లెక్కకట్టి, మార్కుల పక్కన పెట్టుకుని చూడండి. బడి రోజుల్లో పది శాతం, అంతకు మించి పోగొట్టుకున్నవారిని దీర్ఘకాలిక గైర్హాజరుగా లెక్కించే పద్ధతి చాలాచోట్ల ఉంది. ఆ గీత మీకూ పనికొస్తుంది.

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది. తప్పినవారిని మాత్రమే చూసి కారణం తేల్చవద్దు, తప్పనివారిని కూడా చూడాలి. తప్పినవారిలో ఉండి, తప్పనివారిలో లేనిదేమిటన్న ప్రశ్నకే జవాబు వెదకాలి. 1975లో ఆర్లీన్ బ్రోన్‌జాఫ్ట్, డెనిస్ మెకార్తీ అనే ఇద్దరు పరిశోధకులు న్యూయార్క్ నగరంలో ఎత్తు మీద నడిచే రైలు మార్గం పక్కనే ఉన్న ఒక బడిలో చదివే సామర్థ్యాన్ని పరిశీలించారు. రైలు వైపు గదుల్లో కూర్చునే పిల్లలు, అదే బడిలో అవతలి వైపు నిశ్శబ్దమైన గదుల్లో ఉన్నవారికంటే వెనుకబడి ఉన్నారు. ఆరో తరగతికి వచ్చేసరికి ఆ తేడా దాదాపు ఒక సంవత్సరం చదువంత ఉంది. తరువాత పట్టాల కింద రబ్బరు దిండ్లు వేశారు, గదుల పైకప్పులకు శబ్దాన్ని పీల్చుకునే పలకలు బిగించారు. 1981లో వెలువడిన మలి పరిశీలనలో ఆ తేడా మాయమైంది. ఆ గదుల్లో పనిచేసిన ఉపాధ్యాయులను కారణం అడిగి ఉంటే ఏం చెప్పేవారో ఆలోచించండి. పిల్లలకు శ్రద్ధ లేదనే చెప్పేవారేమో. పాఠం మధ్యలో మాటిమాటికీ ఆగిపోయే గదిలో శ్రద్ధ నిలవకపోవడం నిజమే, అది కారణం మాత్రం కాదు, ఫలితం.

మీ ఏడో తరగతికి ఒకటి కంటే ఎక్కువ సెక్షన్లు ఉంటే వాటి మధ్య తేడా చూడండి. గణితం మొదటి పీరియడ్లో ఉన్న సెక్షనుకూ, చివరి పీరియడ్లో ఉన్నదానికీ తేడా ఉందా? ముందు వరస, వెనుక వరస తేడా ఉందా? కంటి పరీక్ష చేయించి ఎన్నాళ్లయింది? నల్లబల్ల కనబడని పిల్లవాడు ఆ సంగతి తనంతట తాను చెప్పడు, ఎందుకంటే అందరికీ అలాగే కనిపిస్తుందని అనుకుంటాడు.

జవాబు 3: నడిమి బల్ల

నేను బడుల్లో పిల్లల కౌన్సెలర్‌గా పనిచేస్తాను. పై ఇద్దరి మాటలతో చాలావరకు ఏకీభవిస్తూనే, రెండు విషయాల్లో విభేదిస్తున్నాను.

మొదటిది, ఇంటి పరిస్థితులను 'మన చేతుల్లో లేనివి' అని జాబితా నుంచి తీసేయడం సరికాదు. ఆకలితో వచ్చే పిల్లవాడు, ఇంట్లో చిన్నవారిని చూసుకోవడానికి ఆగిపోయే అమ్మాయి, రాత్రి చదువుకోవడానికి మూల లేని ఇల్లు, ఇవి నిజమైన కారణాలు. 'ఇంట్లో పట్టించుకోరు' అన్న మాటలోని లోపం ఇల్లు కారణం కాకపోవడం కాదు, ఆ మాట ఏ ఇంటి తలుపూ తట్టకుండా అన్నది కావడం. ఇంట్లో ఫలానా పని వల్ల ఫలానా పిల్ల సోమవారాలు రాలేకపోతోందని తెలిస్తే బడి చేయగలిగినది ఏదో ఒకటి దొరుకుతుంది. అది తెలియకుండా తల్లిదండ్రులను పిలిపించి మందలిస్తే, మరుసటిసారి వారు రావడం మానేస్తారు.

రెండోది, జవాబు పత్రాలూ రిజిస్టర్లూ చూసి మనం తేల్చుకున్న కారణం కూడా పొరపాటు కావచ్చు. కెన్యాలో పాఠ్యపుస్తకాల కొరత వల్లనే పిల్లలు వెనుకబడుతున్నారని అందరూ నమ్మేవారు, అది కళ్లకు కనబడే కారణం కూడా. పాల్ గ్లూవీ, మైఖేల్ క్రెమర్, సిల్వీ మూలాన్ అనే ఆర్థికవేత్తలు కొన్ని బడులకు పుస్తకాలు ఇచ్చి, కొన్నింటికి ఇవ్వకుండా పోల్చి చూశారు. 2009లో వెలువడిన వారి పరిశోధన ప్రకారం సగటు మార్కులు పెరగలేదు; అప్పటికే ముందున్న పిల్లలు మాత్రమే లాభపడ్డారు. పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి, చాలామంది పిల్లలకు అది మూడో భాష. చదవలేని పుస్తకం బల్ల మీద ఉన్నా లేనట్టే కదా. మేడమ్ గారూ, మీరు పంచిన అభ్యాస పుస్తకం ఎవరికి ఉపయోగపడిందో చూశారా? మొదటి పది మందికే ఉపయోగపడి ఉంటే మీ ముందున్నదీ అదే కథ.

అందుకే కారణం దొరికిందనుకున్న రోజున దాన్ని చిన్నగా మార్చి చూడాలి, ఒక సెక్షనులో, మూడు నాలుగు వారాలు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఒక పరీక్షలో అందరికంటే తక్కువ మార్కులు వచ్చినవారిని ఎంచుకుని ఏదో ఒకటి చేస్తే, చేసినది వ్యర్థమైనా మరుసటి పరీక్షలో వారి సగటు కాస్త పెరుగుతుంది. ఆ రోజు జ్వరం వచ్చినవారు, తెలియని ప్రశ్నలే పడినవారు ఆ గుంపులో ఎక్కువగా ఉండడమే దానికి కారణం. 1886లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త తల్లిదండ్రుల ఎత్తులనూ పిల్లల ఎత్తులనూ పోల్చుతూ గమనించిన ధర్మమే ఇది: మరీ పొడవైనవారి, మరీ పొట్టివారి పిల్లల ఎత్తు సగటుకు దగ్గరగా వస్తుంది. ఈ పెరుగుదల చూసి మన పద్ధతి ఫలించిందని సంబరపడి మోసపోతాం. అటువంటి మార్కులే ఉన్న మరో గుంపును పక్కన పెట్టుకుంటేనే తేడా తెలుస్తుంది. వారిని ఎల్లకాలం వదిలేయాలని కాదు, నెల తరువాత వారికీ అదే సాయం ఇవ్వాలి.

ఉదయపు అదనపు తరగతి మీద కూడా నాకు అనుమానం ఉంది. కౌమారంలోకి వస్తున్న కొద్దీ పిల్లలకు రాత్రి నిద్ర పట్టే వేళ ఆలస్యమవుతుంది. అమెరికాలోని సియాటిల్ నగరంలో 2016లో ఉన్నత పాఠశాలల ప్రారంభ సమయాన్ని 7:50 నుంచి 8:45కు మార్చినప్పుడు పిల్లల నిద్ర సగటున 34 నిమిషాలు పెరిగిందని తరువాతి పరిశీలనలో తేలింది. మీ పిల్లలు వారికంటే చిన్నవారు, కాబట్టి అదే లెక్క వర్తిస్తుందని చెప్పను. గంట ముందు రమ్మన్నప్పుడు ఎవరు రాగలిగారు, ఎవరు రాలేకపోయారు అన్నది మాత్రం తప్పక చూడండి.

ఇన్ని చూస్తూ పిల్లలను అడగడం మరచిపోకండి. 'నీకు లెక్కలు ఎందుకు రావు?' అని కాదు. 'నిన్నటి పాఠంలో ఎక్కడిదాకా అర్థమైంది, ఎక్కడ వదిలేశావు?' అని అడిగితే ఆ పేజీ తీసి చూపిస్తారు.

బడిగంట

ముగ్గురికీ నా హృదయపూర్వక కృతజ్ఞతలు. పది రోజులు ఆలస్యంగా రాస్తున్నాను, ఎందుకంటే మీరు చెప్పినవి కొన్ని చేసి చూశాకే రాయాలనుకున్నాను.

అదనపు తరగతుల హాజరు చూశాను. క్రమం తప్పకుండా వచ్చినవారిలో ఎక్కువమంది ఉత్తీర్ణులే. ఎవరికోసం ఆ తరగతి పెట్టామో వారిలో చాలామంది మొదటి రెండు వారాలకే మానేశారు. దూరం నుంచి వచ్చేవారు కొందరు, ఉదయం ఇంటిపని ఉన్నవారు కొందరు. ఈ సంగతి ఏడాది పాటు మా రిజిస్టరులోనే ఉన్నా ఒక్కసారి కూడా నేను తెరిచి చూడలేదు. అది నా మనసును చాలా బాధిస్తోంది.

గణితం ఉపాధ్యాయుడితో కలిసి పద్దెనిమిది మంది పిల్లలతో విడివిడిగా కూర్చున్నాం. 'ఎందుకు' అనే మాట వాడలేదు. వారిలో పదకొండు మంది మొదటి రెండు మెట్ల దగ్గరే ఆగారు. 'మిగిలిన దానిలో సగం' అన్న మాటను 'మొత్తంలో సగం' అని చదువుకున్నవారే నలుగురున్నారు. ఈ మాటలు మొదట విన్నది ఆ ఉపాధ్యాయుడే. నేను చెప్పి ఉంటే నమ్మేవారో లేదో గాని, తానే విన్నారు కాబట్టి మరుసటి రోజు తెలుగు ఉపాధ్యాయురాలిని తానే పిలిచి మాట్లాడారు.

ఒక చిక్కు మిగిలింది. ఆ పదకొండు మందిలో ఆరుగురు వెనుక వరసల వారు. నల్లబల్ల మీది ప్రశ్నను తప్పుగా చదువుతున్నారు. ఇది చూపు లోపమా, చదవడం రాకపోవడమా, రెండూనా అన్నది నాకు తేలడం లేదు.

పాత రిజిస్టరు

చాలా సంతోషమండీ. ఆ ఉపాధ్యాయుడికి నా అభినందనలు చెప్పండి.

కంటి పరీక్ష ఎలాగూ చేయించాలి, దానికోసం ఆగవద్దు. ఈలోగా ఆ ఆరుగురికీ ఒకే స్థాయి ప్రశ్నలు మూడు సిద్ధం చేయండి. మొదటిదాన్ని, వారు తమ చోట్లలోనే ఉండగా, నల్లబల్ల మీద రాయండి. రెండోదాన్ని కాగితం మీద పెద్ద అక్షరాలతో చేతికివ్వండి. మూడోదాన్ని మీరే రెండుసార్లు చదివి వినిపించండి. నల్లబల్ల మీద తప్పి కాగితం మీద సరిగా చేసినవారి విషయంలో ముందు చూపును అనుమానించాలి. కాగితం మీద కూడా తప్పి, విన్నప్పుడు చేసినవారికి చదవడంలో సాయం కావాలి. విన్నా చేయలేనివారితోనే గణితం మొదలుపెట్టాలి. ఒక్కరోజు ఫలితంతో తేల్చకుండా, ప్రశ్నలు అటూ ఇటూ మార్చి మరో రోజు కూడా చేయండి. అలాగే మీ నల్లబల్ల మీద ఉదయం ఏ వేళలో వెలుతురు పడి మెరుస్తోందో వెనుక వరసలో మీరే ఒక పీరియడ్ కూర్చుని చూడండి. మా బడిలో ఒక కిటికీకి తెర వేశాక వెనుక బల్లల పిల్లలు ముగ్గురు నోట్సు సరిగా రాయడం మొదలుపెట్టారు.